వలి బాషా సారుకు ఉర్దూ రాదు

మొదటే చెప్పేస్తున్నాను. దూదేకుల వలి బాషా సారుకు ఉర్దూ రాదు. ప్రొద్దుటూరులో మా కాలేజీకి తెలుగు లెక్చరరుగా వచ్చిన నాటికి ఆయనకు ఆ భాషలో మొదటి అక్షరం కూడా తెలియదు. ఈ చిన్న నిజం ఒక ప్రిన్సిపాలుకూ, ఒక డిపార్ట్‌మెంటు హెడ్డుకూ, పాలకవర్గంలోని ఏడుగురు పెద్దమనుషులకూ తలకెక్కడానికి ఏడాది పైగా పట్టింది. ఎక్కాక కూడా ఒప్పుకోవడానికి వాళ్లకు నోరు రాలేదు. ఆ ఏడాదిలో ఆ మనిషిని పెట్టిన బాధ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఆ మంట కొంచెం ఎక్కువే.

నా పేరు కోదండపాణి. ఆ కాలేజీలో గుమాస్తాను. టైంటేబుల్ రాసేదీ, ఆర్డర్లు టైపు కొట్టేదీ, ఫైళ్లు దాచేదీ నేనే.

సారుది సింహాద్రిపురం పక్కన ఒక పల్లె. నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులకు, బొంతలకు పత్తి ఏకి పెట్టేవాడు. దూదేకుల వాళ్ల సంగతి మా జిల్లాలో తెలియనిది ఎవరికి? పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట మాత్రం తెలుగు. హిందువుల లెక్కలో వాళ్లు సాయిబులు. ఉర్దూ మాట్లాడే సాయిబుల లెక్కలో వాళ్లు సాయిబులే కారు. రెండు వైపులా గడప బయటే నిలబెట్టేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి పులివెందుల హైస్కూల్లో చదివి, విద్వాన్ పరీక్షలో మొదటి తరగతి తెచ్చుకుని, జమ్మలమడుగు హైస్కూల్లో ఏడేళ్లు తెలుగు పండితుడిగా పనిచేస్తూ ఎం.ఏ. కూడా పూర్తి చేశాడు. జమ్మలమడుగులో ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసులో లెక్కల అయ్యవారు సుద్దముక్క కింద పెట్టి వినేవాడట. ఇది ఆ లెక్కల అయ్యవారే నాతో అన్న మాట.

పంతొమ్మిది వందల అరవై జూన్‌లో మా కాలేజీలో తెలుగు లెక్చరరు పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. బయటి నుంచి వచ్చిన పెద్ద పండితుడు ఒక పద్యం ఇచ్చి అర్థం చెప్పమన్నాడు. వలి బాషా సారు అరగంట చెప్పాడు. వాకిలి దగ్గర ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ నేను కూడా పని మరిచిపోయి విన్నాను. పండితుడు మా వాళ్ల వైపు తిరిగి, ఈయన్ను వదులుకుంటే మీకే నష్టం అన్నాడు. కాదనడానికి సాకు దొరక్క ఆర్డరు ఇచ్చారు. 'లెక్చరర్ ఇన్ తెలుగు' అని నేనే టైపు కొట్టాను.

సాకు దొరకడానికి పది రోజులు పట్టింది. టైంటేబుల్ రాయడానికి ప్రిన్సిపాలు నన్నూ, తెలుగు హెడ్డు గురురాజారావు గారినీ గదిలోకి పిలిచాడు. ప్రిన్సిపాలు గుంటూరు వైపు మనిషి. మా సీమ మాట వింటేనే మూతి విరిచేవాడు.

"పద్యం బాగా చెప్తాడు, నేను కాదనను" అన్నాడు గురురాజారావు గారు. "అయితే స్పెషల్ తెలుగు క్లాసులో దేవుని పద్యాలు సాయిబు చెప్తాంటే పిల్లోళ్ల నాయనలు ఊరుకుంటారా సార్? రేపు ఎవరన్నా వచ్చి అడిగితే మనం ఏం చెప్పాల?"

ఏ నాయనా వచ్చి అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. తన కడుపులో ఉన్నది ఊరి నోట్లో పెట్టి మాట్లాడటం పెద్దమనుషులకు చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు.

"దానికి బాధ ఎందుకండీ?" అన్నాడు ప్రిన్సిపాలు. "ఉర్దూ పోస్టు రెండేళ్లుగా ఖాళీగా ఉంది. పి.యు.సి.లో పదకొండు మంది ఉర్దూ తీసుకున్నారు. ఆయనా సాయిబే కదా, ఇచ్చెయ్యండి."

ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఆయనకు ఉర్దూ వచ్చునా అని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. సాయిబు పేరుంటే చాలు, ఉర్దూ పుట్టుకతోనే వచ్చి ఉంటుందనుకునే బుర్ర నాది కూడా. ఉర్దూ అని రాసి దాని ఎదురుగా వలి బాషా అని రాశాను.

నోటీసు బోర్డు మీద అంటించిన గంటకే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కోదండపాణప్పా, ఈడ ఏందో పొరపాటు పడినట్టుండాది. ఉర్దూ ముందర నా పేరుంది."

"పొరపాటేం కాదు సార్. ప్రిన్సిపాలే ఏయమన్యాడు."

"నాకు ఉర్దూ రాదు గదప్పా."

నేను నవ్వాను. అవును, నవ్వాను. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి పోయాడు. తలుపు తీసే ఉంది, ప్రతి మాటా నాకు వినపడింది.

"మాతృభాష రాదంటారేమిటండీ, విడ్డూరం కాకపోతే?"

"మా యమ్మ మాట తెలుగే సార్. మీరు మాట్లాడేదే. కాకపోతే మాది రవ్వంత మోటు."

"చూడండి వలి బాషా గారూ, పని ఎగ్గొట్టడానికి ఇలాంటి కథలు చెప్పకండి. మార్చి పరీక్షల్లో ఆ పదకొండు మందిలో ఒక్కడు ఉర్దూలో తప్పినా మీ ప్రొబేషను పూర్తి కాదు, ఇంటికి వెళ్లాల్సిందే. అందరూ పాసైతే, వచ్చే ఏడు మీ తెలుగు సంగతి చూస్తాను."

జమ్మలమడుగు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చిన మనిషి. ఆ పోస్టులో అప్పటికే ఇంకొకరు చేరిపోయారు. వెనక్కి పోవడానికి దారి లేదు. తెలుగు చెప్పాలంటే ముందు రాని ఉర్దూ చెప్పి నెగ్గాలి. ఇంత దుర్మార్గమైన షరతును ఆ ప్రిన్సిపాలు టీ తాగుతూ పెట్టాడు.

సారు మరునాడు క్లాసుకు పోయి పదకొండు మందికీ ఉన్నమాట చెప్పాడు. "నాయనలారా, నాకు ఉర్దూ రాదు. నేర్చుకుని చెప్తా. మీకు ఒక పాఠం ముందుంటా, అంతే." పిల్లలు బిత్తరపోయారు. ఆ సాయంత్రానికే ఒక పిల్లవాడి తండ్రి, బట్టల వ్యాపారం చేసే హబీబుల్లా, ఆఫీసు మీదికి వచ్చి పడ్డాడు.

"ఏంది సామీ ఇది? దూదేకులాయన్ను తెచ్చి మా పిల్లోళ్లకు ఉర్దూ చెప్పిస్తారా? మా ఇండ్లల్లో పరుపులు కుట్టేటోళ్లు వాళ్లు. వాళ్లకు మా జబాన్ యాడొస్తాది?"

వలి బాషా సారు పక్కనే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. "రాదనే నేను గూడా అంటాండా బాబాయ్. మీరైనా ప్రిన్సిపాలుకు చెప్పండి" అన్నాడు. ఊళ్లో ఆ మాట నమ్మిన మొదటి మనిషి ఆ తిట్టడానికి వచ్చిన మనిషే.

ఆ రోజుల్లో మసీదు వెనక సందులో జైబున్నీసా అనే ముసలామె ఉండేది. ఇరవై ఏళ్ల కిందట భర్త పోయినప్పటి నుంచి గడప దాటి ఎరగదు. ఇంట్లోనే చుట్టుపక్కల ఆడపిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పేది. ఊళ్లో మగవాళ్లు నేర్పే చోట్లకు సారు పోయి చూశాడు. దూదేకులాయన కాలేజీలో ఉర్దూ చెప్పడానికి నేర్చుకుంటానంటే వాళ్లు పకపకా నవ్వి పంపించారు. చివరికి జైబున్నీసా వాకిట్లో నిలబడ్డాడు. ఆమె పరదా వెనక నుంచి అంతా విని ఒకే మాట అన్నదట.

"నా దగ్గర ఎవరైనా సరే బిస్మిల్లా చేయించుకోనే మొదలుపెట్టాల. వయసుతో నాకు పని లేదు బేటా."

బిస్మిల్లా అంటే అక్షరాభ్యాసమే. నాలుగేళ్లు నిండి నాలుగు నెలలైన పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, పలక మీద మొదటి అక్షరం దిద్దించి, సందులో అందరికీ చక్కెర పంచుతారు. ముప్పై మూడేళ్ల ఎం.ఏ. మనిషి, పీర్ల పండుగ అయిన రెండో శుక్రవారం, తెల్లచొక్కా తొడుక్కుని ఆ పిల్లల మధ్య బాసిపట్లు వేసుకుని కూర్చుని పలక మీద అలీఫ్ దిద్దాడు. చక్కెర ఆయనే తెచ్చాడు. సందంతా నవ్వుతూనే ఆ చక్కెర తిన్నది. సింహాద్రిపురం నుంచి చూడటానికి వచ్చిన వాళ్లమ్మ మాబున్ని మాత్రం నవ్వలేదు. "నీకు తురకం వస్తాదని వాళ్లకు ఎవరు చెప్పిరి నాయనా?" అని అడిగి కళ్లు తుడుచుకుంది.

అక్కడి నుంచి ఆ మనిషి పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను. సాయంత్రం జైబున్నీసా ఇంట్లో నేర్చుకున్న పాఠం మరునాడు పొద్దున క్లాసులో చెప్పేవాడు. పలకడం తప్పయితే పిల్లలే దిద్దేవాళ్లు. దిద్దించుకుని, ఆ మాట మూడుసార్లు పలికి ముందుకు పోయేవాడు. స్టాఫ్ రూములో మూల కుర్చీలో కూర్చుని పలక మీద రాసుకుంటుంటే మా పండితులు కన్ను గీటుకునేవాళ్లు. "మన సాయిబు శానా బాగా నటిస్తాండాడప్పా" అని గురురాజారావు గారు పైకే అన్నాడు. అవతల స్పెషల్ తెలుగు క్లాసులో అదే గురురాజారావు గారు నోట్సు పుస్తకం చూసి చదివి, పిల్లల చేత రాయించి, గంట కొట్టగానే లేచిపోయేవాడు. పద్యం వచ్చినవాడికి పద్యం లేదు. రానివాడికి జీవితాంతం అదే కొలువు.

మార్చి వచ్చింది, పరీక్షలు జరిగాయి. ఫలితాలు వచ్చాయి. పదకొండు మందీ పాసయ్యారు. హబీబుల్లా కొడుక్కు అరవై రెండు మార్కులు. నేనే ఆ కాగితం చూసి పరుగెత్తుకుంటూ పోయి సారుకు చెప్పాను. ఆయన వెంటనే లేచి ప్రిన్సిపాలు దగ్గరికి పోయి, ఇక తెలుగు ఇవ్వండి సార్ అన్నాడు.

ప్రిన్సిపాలు ఏమన్నాడో తెలుసా? ఇన్నేళ్లకూ ఆ మాట నా చెవుల్లోంచి పోదు.

"రాదు రాదంటూనే అందరినీ గట్టెక్కించారే! అంటే నాకు పోయిన ఏడు మీరు చెప్పింది అబద్ధం అన్నమాట. అబద్ధాలు చెప్పేవాళ్లకు నేను తెలుగు క్లాసు ఎలా ఇస్తానండీ?"

తప్పితే ఉద్యోగం పోతుంది. నెగ్గితే అబద్ధాలకోరు అవుతాడు. పలక పట్టుకుని పసిపిల్లల మధ్య కూర్చుని సాధించినదాన్ని ఆయన మీదే నేరంగా మోపారు. ఇంతకంటే అన్యాయం ఏమైనా ఉంటుందా?

ఉంది. ఆ జులైలో అధ్యాపకుల అర్హతల జాబితా యూనివర్సిటీకి పంపాలి. ఉర్దూ లెక్చరరు వలి బాషా, ఉర్దూలో డిగ్రీ లేదు అని పంపితే వాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే తీసెయ్యవచ్చు. ఇక గోల ఉండదు. అడ్డం ఒక్కటే, పోయిన ఏడు ఇచ్చిన ఆర్డరు. అందులో తెలుగు అని ఉంది.

ప్రిన్సిపాలు నన్ను పిలిచాడు. పిలిచి ఏం చెప్పాడో రాయడానికి సిగ్గేస్తుంది గానీ రాస్తాను. నేను సారు దగ్గరికి పోయి, "సర్వీసు రిజిస్టరులో ఎక్కియ్యాల సార్, మీ ఒరిజినల్ ఆర్డరు ఒకసారి ఇస్తారా?" అని అడిగాను. ఆయన పెట్టెలోంచి తీసి, మడత విప్పి, నా చేతిలో పెట్టాడు. రసీదు కూడా అడగలేదు. దాన్ని ప్రిన్సిపాలు చించేశాడు. పాత తేదీ వేసి 'లెక్చరర్ ఇన్ ఉర్దూ' అని కొత్త ఆర్డరు నేను టైపు కొట్టాను, ఫైల్లో పాత నకలు తీసేసి దీని నకలు పెట్టాను. ఇంట్లో పిల్లలున్నారు, ఉద్యోగం పోతుందని భయపడ్డాను అని చెప్పుకోవచ్చు. ఆయనకూ ఇల్లుంది. ఆయన భయపడలేదు.

ఆగస్టులో తీసేస్తున్నామని నోటీసు వచ్చింది. సారు ఏడ్వలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. పై అధికారులకు అర్జీ పెట్టాడు. నన్ను తెలుగు లెక్చరరుగా తీసుకున్నారు, ఉర్దూ చెప్పమన్నారు, ఇప్పుడు ఉర్దూ డిగ్రీ లేదని పొమ్మంటున్నారు అని మూడే మూడు వాక్యాలు. నెల తిరక్కుండా విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు.

ప్రిన్సిపాలు గదిలోనే విచారణ. ఆఫీసరు ఫైలు తిరగేశాడు. ఆర్డరులో ఉర్దూ అని ఉంది. "ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడండీ, ఉర్దూ మా మాతృభాష అని. నమ్మి తీసుకున్నాం" అన్నాడు ప్రిన్సిపాలు, కనురెప్ప కూడా కదపకుండా. గురురాజారావు గారు అవునని తలూపాడు.

"నాకిచ్చిన ఆర్డరులో తెలుగు అని ఉండె సార్. దాన్ని ఆఫీసులో తీసుకుని మళ్లా ఇయ్యలేదు" అన్నాడు వలి బాషా సారు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, టైపు కొట్టింది నువ్వే కదా? మొదటి ఆర్డరులో ఏమని ఉంది?"

గదిలో అందరూ నన్నే చూశారు. వలి బాషా సారు కూడా చూశాడు.

"గుర్తు లేదు సార్" అన్నాను.

సారు చూపు నా మీద నుంచి తీసి గోడ వైపు తిప్పుకున్నాడు. ఆఫీసరు కలం మూత తీశాడు. అయిపోయిందనే అనుకున్నాం. అంతలో బయట జట్కా ఆగిన చప్పుడు. హబీబుల్లా ముందు నడుస్తుంటే, నల్లబురఖాలో, కర్ర పొడుచుకుంటూ ఒక ముసలామె లోపలికి వచ్చింది. జైబున్నీసా. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీవేనా నాయనా తీర్పు చెప్పేది?" అంది ఆఫీసరుతో. "ఈ సారుకు ఉర్దూ వచ్చునని ఎవరు చెప్పిరి? పోయినేడు పీర్ల పండగైన రెండో జుమ్మా నాడు నేనే ఈయనకు బిస్మిల్లా చేయిస్తి. అలీఫ్ గూడా రాదు. చెయ్యి పట్టుకోని దిద్దిస్తి. సందులో ఇరవై ఇండ్లోళ్లు ఆ చక్కెర తిన్యారు, పిలిపిస్తావా? నా దగ్గర ఇంతమంది నేర్చుకున్యారు, ఇంత పెద్ద పిల్లోడు, ఇంత మంచి పిల్లోడు ఇంకోడు లేడు. అబద్ధాలు ఆడేటోడైతే పసిబిడ్డల పక్కన కూసుని పలక పట్టుకుంటాడా?"

"నేను గూడా తిన్యా ఆ చక్కెర" అన్నాడు హబీబుల్లా, తల వంచుకుని. "అంతకు ముందర ఈయన్ను శానా తిడ్తి."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "జూన్‌లో ఉర్దూ లెక్చరరుగా తీసుకున్న మనిషి జులైలో ఉర్దూ అక్షరాలు దిద్దుకుంటున్నాడా? ఇంటర్వ్యూలో ఆయన్ని ఉర్దూలో ఒక్క మాటైనా అడిగిందెవరండీ?" అని ప్రిన్సిపాలును అడిగాడు. ప్రిన్సిపాలు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నోటీసు రద్దయింది. వలి బాషాను తెలుగు లెక్చరరుగానే చూడాలని, స్పెషల్ తెలుగు క్లాసులు ఇవ్వాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టి పోయాడు ఆఫీసరు. ప్రిన్సిపాలును ఎవరూ ఏమీ అనలేదు. రిటైరయ్యేదాకా ఆయన అదే కుర్చీలో కూర్చున్నాడు, పోయేటప్పుడు మేమే పూలదండ వేశాం.

మరునాడు స్టాఫ్ రూములో గురురాజారావు గారు ఏమీ జరగనట్టు, "సంతోషమప్పా. అయితే ఇంతకీ ఉర్దూ క్లాసులు ఎవరు తీసుకోవాల?" అన్నాడు.

"జైబున్నీసమ్మను పెట్టుకోండి సార్" అన్నాడు వలి బాషా సారు.

అందరూ నవ్వారు. "ఆయమ్మకు డిగ్రీ యాడుందప్పా?"

"నాకు మాత్రం ఉండెనా?"

ఆమెను పెట్టుకోలేదు, పెట్టుకోరని ఆయనకూ తెలుసు. ఉర్దూ డిగ్రీ ఉన్న మనిషి వచ్చేదాకా, రెండేళ్లు, తెలుగుతో పాటు ఆ క్లాసులు కూడా ఆయనే చెప్పాడు. పిల్లలు ఏం పాపం చేశారన్నాడు.

స్టాఫ్ రూములోంచి ఆయన బయటికి వస్తుంటే వరండాలో నేను అడ్డం పడ్డాను. రెండు చేతులూ జోడించాను.

"సార్, ఆ ఆర్డరు మార్చి కొట్టింది నేనే. గుర్తు లేదని నిన్న అబద్ధం చెప్తి. నన్ను క్షమించాల."

"తెలుసప్పా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ మాట నిన్న చెప్పింటే నా ఉద్యోగానికి పనికొచ్చేది. ఈరోజు చెప్తాండావు, నీ నిద్రకు పనికొస్తాది. నీ నిద్రతో నాకేం పని?"

ఆయన చంకలోని పుస్తకం సర్దుకున్నాడు.

"ఆ ముసలామె ఇరవై ఏండ్లుగా దాటని గడప దాటుకోని వచ్చె. నీ కుర్చీ ఆ ఆఫీసరు బల్లకు నాలుగడుగులే ఉండె."

గంట కొట్టారు. స్పెషల్ తెలుగు, రెండో సంవత్సరం. ఆయన నన్ను తప్పుకుని క్లాసులోకి పోయాడు.